యాదగిరి చానెల్ ఎవలది? మన టీవీ పుట్టుక, నడక, మన హక్కు

ఇప్పుడు ఇంటర్ల, డిగ్రీల ఉన్న తమ్ముళ్ళకు, చెల్లెండ్లకు ఒక మాట. 2020 సెప్టెంబర్ 1 యాదికుందా? కరోనాతోటి బడులు బంద్. ఆ దినం సంది తెలంగాణ సర్కారు బడుల పాఠాలు టీవీల మొదలైనయి. స్మార్ట్ ఫోన్ ఉన్నోళ్ళు ఫోన్ల చూసిండ్రు. లేనోళ్ళు ఇంట్ల ఉన్న పాత టీవీ ముంగట, అదీ లేకుంటె పక్కింటోళ్ళ ఇంట్ల కూసొని నోట్సు రాసుకున్నరు. ఆ పాఠాలు రెండు తొవ్వల వచ్చినయి. ఒకటి రాష్ట్ర సర్కారు నడిపే టీ-శాట్. రెండోది దూరదర్శన్ యాదగిరి.

బడి తెరిచిండ్రు, చానెల్ మరిచినం. ఇప్పుడు యాదగిరి పేరెత్తితె "అది ముసలోళ్ళ చానెల్ గదనే" అంటరు. నేను తప్పు పట్ట. చేతుల ఫోనున్నది, అండ్ల దునియా ఉన్నది. గని ఒక్క సంగతి తెలుసుకోవాలె. కష్టం వచ్చిననాడు నెల నెల రీచార్జి అడగకుండ ఇంటికొచ్చి పాఠం చెప్పింది ఆ చానెలే. అది ఎట్ల పుట్టింది, ఎట్ల నడుస్తది, ఎవలి పైసలతోటి నడుస్తది, దాని మీద మనకేం హక్కున్నది? గివన్ని ఒక్క కాడ చెప్పాలనే ఇది రాస్తున్న.

పట్నం కంటె ముందు పల్లెకు

మన దేశంల టీవీ 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీల ప్రయోగం లెక్క మొదలైంది. 1967 జనవరి 26 సంది ఢిల్లీ చుట్టుపక్కల పల్లెల కోసం 'కృషి దర్శన్' పెట్టిండ్రు. 1972ల బొంబాయికి టీవీ వచ్చింది. ఏ కొత్త వస్తువైనా ముందుగాల పట్నపోళ్ళు చూస్తరు, అరిగిపోయినంక పల్లెకొస్తది. టీవీ విషయంల మన కాడ అది తలకిందులైంది. హైదరాబాద్‌ల టీవీ స్టేషన్ మొదలు గాకముందే మెదక్, మహబూబ్‌నగర్ పల్లెల్ల టీవీ నడిచింది.

దాన్ని 'సైట్' అంటరు. ఉపగ్రహంతోటి పల్లెలకు చదువు, తెలివి అందించే ప్రయోగం. ఆలోచన విక్రమ్ సారాభాయ్‌ది. 1969ల అమెరికా అంతరిక్ష సంస్థ నాసాతోటి ఒప్పందం అయింది. ఆయన 1971 చివర్ల చనిపోయిండు, ప్రయోగం చూడలేదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా సరిగ్గ ఒక్క ఏడాది అది నడిచింది. ఆరు రాష్ట్రాలు, 20 జిల్లాలు, 2,400 ఊర్లు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌ల హైదరాబాద్, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల పల్లెలను తీసుకున్నరు. అప్పటికి రంగారెడ్డి జిల్లా లేదు, అది 1978ల ఏర్పడ్డది. గందుకే హైదరాబాద్ జిల్లా అంటె ఆనాడు చుట్టూరా ఉన్న పల్లెలు గూడ అండ్లనే ఉండె.

అది పని చేసిన తీరు జర చూడుండ్రి. కార్యక్రమం అహ్మదాబాద్, ఢిల్లీల ఉన్న భూకేంద్రాలకెల్లి మీదికి పోతది. నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం దాన్ని అందుకొని కిందికి పంపుతది. ఊర్లె బడి మీదనో పంచాయితీ ఆఫీసు కాడనో పది ఫీట్ల వెడల్పు డిష్ పెట్టిండ్రు. అది ఇప్పటి రేకు డిష్ గాదు. కోళ్ళ గూటికి కొట్టే ఇనుప జాలి ఉంటది గదా, అసువంటి జాలితోటి చేసింది. టీవీ పెట్టెలు చేసింది మన హైదరాబాద్‌ల ఉన్న ఈసీఐఎల్. కరెంటు లేని కొన్ని ఊర్లల్ల బ్యాటరీల మీద నడిపిండ్రు.

పొద్దుగాల గంటన్నర బడి పిల్లలకు. మాపటికి రెండున్నర గంటలు పెద్దోళ్ళకు: ఎవుసం, పానం, కుటుంబ నియంత్రణ, ఆటపాటలు. సెలవులల్ల సైన్సు ఎట్ల చెప్పాలెనో సార్లకు గూడ టీవీల్నే శిక్షణ ఇచ్చిండ్రు. దేశం మొత్తంల 50 వేలకు దగ్గర దగ్గర మంది సార్లు గట్ల నేర్చుకున్నరు. తెలుగు, కన్నడ కార్యక్రమాలు తయారు చేసే పని హైదరాబాద్‌కు ఇచ్చిండ్రు. మన టీవీ కేంద్రానికి పునాది గదే.

మంచి చెప్పినప్పుడు చెడు గూడ చెప్పాలె. సైట్ మొదలైంది ఎమర్జెన్సీల. 1975 జూన్ 25న ఎమర్జెన్సీ పెట్టిండ్రు, ఆగస్టు 1న పల్లెల్ల టీవీ వెలిగింది. పత్రికల నోరు కట్టేసిన రోజులవి. రేడియో, టీవీ రెండూ సర్కారు చేతుల్నే ఉండె, సర్కారు గొంతే వినిపించినయి. గంటే, పల్లెకు చదువు మోసుకొచ్చిన పెట్టెనే పాలకుల ప్రచారానికి గూడ పనికొచ్చింది. ఈ రెండు ముఖాలు ఆ పెట్టెకు ఇప్పటికీ ఉన్నయి.

రామంతాపూర్ స్టేషన్

ఏడాది అయిపోంగనే అమెరికా తన ఉపగ్రహాన్ని తీసుకపోయింది. చూసుడు అలవాటైన పల్లెలు ఉత్తగ మిగలొద్దని, సైట్ నడిచిన ప్రాంతాలల్ల భూమి మీద ట్రాన్స్‌మిటర్లు పెట్టాలని కేంద్రం అనుకున్నది. జైపూర్, రాయ్‌పూర్, ముజఫర్‌పూర్, సంబల్‌పూర్, గుల్బర్గా, హైదరాబాద్‌లను ఎంచుకున్నది. అట్ల 1977 అక్టోబర్ 23న హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. అప్పటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి ప్రారంభించిండు. స్టూడియో రామంతాపూర్ల ఉన్నది.

స్టేషన్ వచ్చింది గని తెలుగు వార్తలు వెంటనే రాలె. ఆరేండ్లు ఆగాల్సి వచ్చింది. 1983 నవంబర్ 14న శాంతి స్వరూప్ తొలి తెలుగు టీవీ వార్తలు చదివిండు. ఆనాడు చూసి చదివే టెలిప్రాంప్టర్ తెర లేకుండె. రాసిన కాయితం ముంగట పెట్టుకొని, చానా మటుకు మతిల పెట్టుకొని, చూసేటోళ్ళ కండ్లల్లకు చూసుకుంట చెప్పేటోడు. 2011ల రిటైర్ అయిండు, 2024 ఏప్రిల్ 5న చనిపోయిండు. మా తరానికి వార్తలంటె ఆయన మొఖమే.

1982ల ఏషియన్ గేమ్స్ తోటి రంగుల టీవీ, ఢిల్లీ నుంచి జాతీయ కార్యక్రమం వచ్చినయి. 1983ల మన సొంత ఇన్సాట్-1బి ఉపగ్రహం పనిల పడ్డది. ఎనభైల నడుమ చిన్న చిన్న ట్రాన్స్‌మిటర్ టవర్లు జిల్లా పట్నాలల్ల లేసినయి. మా చిన్నప్పుడు వాడకొక్క టీవీ. ఒకడు ఇంటి మీదికెక్కి యాంటెన్న తిప్పుడు, ఇంకొకడు వాకిట్ల నిలబడి "వచ్చింది, పోయింది, మళ్ళ వచ్చింది" అని కేకలేసుడు. శుక్రవారం 'చిత్రలహరి' పాటలకు ఊరు ఊరంత ఒక్క ఇంట్లనే ఉండేది. తరువాత 'ఋతురాగాలు' సీరియల్ వచ్చే యాళ్ళకు ఆడోళ్ళు పని తొందరగ ఒడగొట్టుకునేటోళ్ళు. చూసేటోళ్ళు రాసిన ఉత్తరాలకు జవాబు చెప్పే 'జాబులు-జవాబులు' ఉండె. ఉత్తరం రాస్తె స్టేషనోళ్ళు మన పేరు, ఊరు చదువుతరు. ఇప్పటి కామెంటు డబ్బా కంటె దానికి ఎక్కువ ఇజ్జత్ ఉండె.

1993ల దూరదర్శన్ ప్రాంతీయ భాషల ఉపగ్రహ చానెళ్ళు మొదలుపెట్టింది. అట్ల తెలుగు చానెల్ రాష్ట్రం దాటి దేశమంత కనబడ్డది. పూణె, సూరత్, భివండి పోయిన మనోళ్ళకు తెలుగు మాట ఇంట్ల వినబడ్డది. దీనికే తర్వాత 'సప్తగిరి' అని పేరు పెట్టిండ్రు. 2014ల తెలంగాణ ఏర్పడ్డంక విజయవాడ కేంద్రంగ ఆంధ్రప్రదేశ్‌కు సప్తగిరి పోయింది, హైదరాబాద్ కేంద్రం యాదగిరి అయింది. తిరుమల ఏడు కొండల పేరు వాళ్ళకు, యాదగిరిగుట్ట పేరు మనకు.

భాష కాడ ఏం జరిగింది

ఇక్కడ ఒక గట్టి సంగతి మాట్లాడుకోవాలె. సైట్ నాడు మెదక్ రైతుకు, కర్నూలు రైతుకు ఒకటే తెలుగు. స్టేషన్ వచ్చినంక వార్తలల్ల పుస్తకాల తెలుగు. మొత్తం రాష్ట్రానికి అర్థం కావాలె గదా అని అప్పటోళ్ళ లెక్క. అండ్ల కొంత నిజం ఉన్నది. గని ఫలితం ఏమైందంటె, మన అవ్వ మాట్లాడే మాట టీవీల కామెడీకి, సినిమాల రౌడీకి మిగిలింది. మనం గూడ నలుగుట్ల మాట్లాడాలంటె మాట మార్చుకునుడు అలవాటు చేసుకున్నం.

ఈ కట్టు తెగింది తెలంగాణ ఉద్యమంతోటి. 2012ల వచ్చిన వీ6 చానెల్ 'తీన్మార్' వార్తలను మన యాసల చెప్పింది. జనం ఎగబడి చూసిండ్రు. యాసల వార్తలు చెప్తె ఎవలు చూస్తరు అన్నోళ్ళ నోరు మూతబడ్డది. ఇప్పుడు యూట్యూబ్ నిండ మన మాటనే. నా బాధ ఏందంటె, ఈ పని చేసింది ప్రైవేటోళ్ళు. ప్రజల పైసలతోటి, ప్రజల కోసం నడిచే టీవీ చెయ్యాల్సిన పని అది. ప్రైవేటు చానెల్‌కు యాడ్స్ వచ్చినన్ని దినాలే మన యాస కావాలె. రేపు రేటింగ్ పడిపోతె యాసను పక్కకు పెడ్తది, ఎవలూ అడగలేరు. యాదగిరిని మాత్రం అడగొచ్చు. ఎందుకు అడగొచ్చో ముందట చెప్త.

స్టూడియో కాడికెల్లి మన ఇంటి దాకా

దూరదర్శన్ కేంద్రం మూడు కాళ్ళ పీట అసువంటిది. ఒక కాలు కార్యక్రమాల విభాగం: పాటలు, నాటకాలు, ఎవుసం, ఆరోగ్యం, చర్చలు వీళ్ళ పని. రెండో కాలు ప్రాంతీయ వార్తా విభాగం: వార్తలు ఎంచుకునుడు, రాసుడు, చదివించుడు. జిల్లాలల్ల స్ట్రింగర్లు ఉంటరు, పంపిన వార్తకు ఇంత అని వాళ్ళకు ఇస్తరు. మూడో కాలు ఇంజినీరింగ్: కెమెరాలు, లైట్లు, కంట్రోల్ రూం, ఉపగ్రహానికి పంపే భూకేంద్రం.

స్టూడియోల మూడు నాలుగు కెమెరాలు తీస్తుంటె, కంట్రోల్ రూంల కూసున్న నిర్మాత ఏ కెమెరా బొమ్మ పోవాలెనో చెప్తడు. ఆ బొమ్మ, మాట కలిసి భూకేంద్రానికి పోతది. అక్కడి డిష్ ఉపగ్రహానికి పంపుతది. ఉపగ్రహం కిందికి పంపితె ఇంటి మీది డిష్ అన్నా పడుతది, కేబులోళ్ళ డిష్ అన్నా పడుతది. 1975ల జాలి డిష్‌కు వచ్చిన తొవ్వనే ఇది. డిష్ చిన్నగైంది, తొవ్వ మారలె.

పైసలు యాడికెల్లి వస్తయి? ఎనభైల నడుమ దాకా రేడియోకు, టీవీకి లైసెన్సు ఉండె, పోస్టాఫీసుల పైసలు కట్టేది. అది తీసేసిండ్రు. ఇప్పుడు దూరదర్శన్‌ను నడిపేది ప్రసార భారతి. దానికి కేంద్ర బడ్జెట్‌ల కెల్లి గ్రాంటు వస్తది, జీతాలల్ల పెద్ద భాగం గదే. మిగిలింది యాడ్స్ మీద, ఫ్రీ డిష్‌ల ప్రైవేటు చానెళ్ళకు జాగ వేలం వేసి తెచ్చుకుంటది. 2023 జనవరిల కేంద్రం రేడియో, దూరదర్శన్ పరికరాల కోసం 2,539.61 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. మారుమూల, గిరిజన, సరిహద్దు ప్రాంతాలకు 8 లక్షలకు పైన ఫ్రీ డిష్ పెట్టెలు ఉత్తగనే ఇస్తమన్నది గూడ అండ్లనే ఉన్నది. బడ్జెట్ అంటె ఎవలిది? మనం అగ్గిపెట్టె కొన్నా కట్టే పన్ను. గంటే యాదగిరికి మనం పైసలు కడుతనే ఉన్నం, చూసినా చూడకున్నా.

టవర్లు పోయినయి, డిష్ వచ్చింది

పాత యాంటెన్నకు బొమ్మ పంపిన అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దూరదర్శన్ ఒక్కొక్కటే బంద్ చేసుకుంట వచ్చింది. 2022 మార్చి నాటికి సరిహద్దుల అసువంటి ముఖ్యమైన జాగలల్ల కొన్ని తప్ప అన్ని మూతబడ్డయి. యాంటెన్న కాలం ఒడిసింది. దాని బదులు ఉన్నది డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబర్‌ల 'డీడీ డైరెక్ట్ ప్లస్' పేరుతోటి మొదలైంది. డిష్, పెట్టె ఒక్కసారి కొంటె సరి, నెల నెల పైసలు లేవు. కూలి చేసుకునే ఇండ్ల మీద ఎక్కువ కనబడే డిష్ గదే. అండ్ల యాదగిరి వస్తది.

కేబులోళ్ళు గూడ దూరదర్శన్ చానెళ్ళు ఇయ్యాల్సిందే. 1995 కేబుల్ టీవీ చట్టం సెక్షన్ 8 గట్లనే చెప్తది. మీ ఊరి కేబుల్‌ల యాదగిరి రాకుంటె ఆపరేటర్‌ను అడుగుండ్రి. అది దయ గాదు, చట్టం.

చట్టం మనకేం ఇచ్చింది

రెండు సంగతులు మతిల పెట్టుకోవాలె. మొదటిది, 1995 ఫిబ్రవరిల సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. క్రికెట్ మ్యాచ్‌ల ప్రసారం ముచ్చట మీద బెంగాల్ క్రికెట్ సంఘానికి, కేంద్రానికి లొల్లి అయితె కోర్టు ఒక గొప్ప మాట తేల్చింది: గాలిల పోయే తరంగాలు ప్రజల ఆస్తి. సర్కారు సొంతం గాదు, కంపెనీల సొంతం గాదు.

రెండోది, ప్రసార భారతి చట్టం. టీవీ, రేడియోలను సర్కారు చేతులకెల్లి విడిపించాలని 1978ల వర్గీస్ కమిటీ చెప్పింది. చట్టం 1990ల వచ్చింది, అమలు 1997 దాకా పట్టింది. ఆ చట్టం సెక్షన్ 12ల ప్రసార భారతి చెయ్యాల్సిన పనులు రాసిండ్రు. ప్రజలకు నిజం తెలుసుకునే హక్కు కాపాడాలె. చదువు, ఎవుసం, గ్రామాభివృద్ధి, పర్యావరణం, ఆరోగ్యం మీద కార్యక్రమాలు చెయ్యాలె. ఆయా ప్రాంతాల భాషలకు, సంస్కృతులకు జాగ ఇయ్యాలె. ఆడోళ్ళ, కష్టజీవుల, గిరిజనుల సంగతులు చెప్పాలె. మన యాస, మన ఎవుసం, మన తండా – ఇవన్ని ఆ సెక్షన్‌ల ఉన్నయి. గందుకే యాదగిరిని అడగొచ్చు అన్న.

కాయితం మీద స్వతంత్రం, నడకల మాత్రం ఢిల్లీ. పైసలు కేంద్రం ఇస్తది, బోర్డు ఢిల్లీల ఉంటది. ఏ పార్టీ గద్దెనెక్కినా దూరదర్శన్ సర్కారు పాట పాడుతది అనే మాట పడుతనే ఉన్నది. 2014ల శ్యామ్ పిట్రోడా కమిటీ గూడ ప్రసార భారతికి నిజమైన స్వేచ్ఛ కావాలెనని రిపోర్టు ఇచ్చింది. పైసలిచ్చేటోని మాట వినుడు అలవాటైతె, పైసలు అసలు కట్టే జనం మాట ఎవలు వినాలె?

జనం చేతులకొస్తె ఎట్లుంటది

చేస్తె అయితది అనేందుకు రెండు ఉదాహరణలు. గుజరాత్‌ల ఖేడా జిల్లా పీజ్ అనే ఊర్లె 1975ల ఒక చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టిండ్రు. నాలుగు వందలకు పైన ఊర్లల్ల ఆరు వందల దాకా టీవీలు. ఆ జిల్లా సమస్యలు, ఆ జిల్లా గుజరాతీ, ఊరి జనమే నటులు. అంటరానితనం, కూలి రేట్లు, పాల సంఘాలు – ఇసువంటివి కథలుగ తీసిండ్రు. 1984ల యునెస్కో బహుమతి వచ్చింది. ఆ మరుసటేడే ఆ ట్రాన్స్‌మిటర్ ఇక్కడికెల్లి తీసెయ్యాలని పైనోళ్ళు నిర్ణయిస్తె, జనం కొట్లాడిండ్రు. టీవీ పోతదని రోడ్డెక్కిన జనాన్ని మీరు యాడనన్నా చూసిండ్రా? తమదనుకున్నరు గన్కనే కొట్లాడిండ్రు.

రెండోది మన కాడ. సైట్ నడిచిన పాత మెదక్ జిల్లాల్నే, జహీరాబాద్ కాడ మాచ్‌నూర్ ఊర్లె 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడోళ్ళే నడుపుతరు. జొన్నలు, ఇత్తనాలు, పండుగలు, పాటలు – వాళ్ళ మాటల్నే. బడికి పెద్దగ పోనోళ్ళు మైకు పట్టిండ్రు, యంత్రం తిప్పిండ్రు. ఆ సంఘాల ఆడోళ్ళు వీడియో కెమెరా గూడ పట్టి సినిమాలు తీసిండ్రు. 1975ల ఆ జిల్లా ఆడోళ్ళు జాలి డిష్ ముంగట కూసొని పట్నపోళ్ళు చెప్పింది విన్నరు. ముప్పై మూడేండ్లకు వాళ్ళే చెప్పుడు మొదలుపెట్టిండ్రు.

మరి మనమేం చెయ్యాలె

"అన్నా, యూట్యూబ్ ఉన్నది గదా, ఇంక దూరదర్శన్ ఎందుకే" అని మీరు అడుగుతరు. సక్కని ప్రశ్ననే. యూట్యూబ్‌ల మన వీడియో ఎవలికి చూపాలెనో, ఎవలికి ఆపాలెనో కంపెనీ లెక్క తేలుస్తది. ఆ కంపెనీకి సెక్షన్ 12 లేదు. రేపు మళ్ళ బడులు బందైతె డాటా అయిపోయిన పిల్లకు అది పాఠం చెప్పదు. రెండూ ఉండాలె. గని ఒకటి మాత్రమే మనది.

గందుకే మూడు పనులు. ఒకటి, ఒక్క వారం యాదగిరి పెట్టి చూడుండ్రి. టీవీ లేకుంటె దాని యూట్యూబ్ పేజీల చూడుండ్రి. మీ జిల్లా ముచ్చట ఎన్నిసార్లు వచ్చింది, ఎవుసం ఎంత సేపు వచ్చింది, పాతవి మళ్ళ ఎంత సేపు తిప్పిండ్రు – రాసుకోండ్రి. రెండు, సమాచార హక్కు దరఖాస్తు పెట్టుండ్రి. ప్రసార భారతి 2005 చట్టం కిందికి వస్తది. ఫీజు 10 రూపాయలు, పేదరికం రేఖకు కింద ఉన్నోళ్ళకు అదీ లేదు, 30 దినాలల్ల జవాబియ్యాలె. కొత్త కార్యక్రమాలు ఏడాదికి ఎన్ని గంటలు తీస్తున్నరు, హైదరాబాద్ బయట ఎన్ని తీస్తున్నరు, మీ జిల్లాల స్ట్రింగర్లు ఎంతమంది, ఖాళీ పోస్టులెన్ని – ఇవి అడుగుండ్రి. మూడు, మీ ఊరి కళాకారులు, రైతులు, ఆశా అక్కలు, బడి పిల్లల పేరు మీద కేంద్రానికి ఉత్తరం రాయుండ్రి. మా కాడికి రాండ్రి, మా మాటల తియ్యుండ్రి అని. ఒక్క ఉత్తరం అయితె మూల పడ్తది. మండలానికి నూరు పోతె ఎవలో ఒకలు విప్పి చదువుతరు.

చెరువు సర్కారుదే అని పూడిక తియ్యకుంటె నష్టం ఆఫీసరుకు గాదు, ఆయకట్టుకు. యాదగిరి గూడ గసువంటిదే. అది బాగలేదని తిట్టుడు తేలిక, మనది అని అడుగుడే కష్టం. ఈ వారం నేను మా జిల్లా లెక్క అడుగుకుంట దరఖాస్తు పెడుతున్న. మీ జిల్లాది మీరు పెట్టుండ్రి.